చైర్‌పర్సన్ గారి పేరంటం

మా ఊళ్ళో ఆడవాళ్ళు పేరంటానికి ఫోన్ చేసి పిలవరు. వాట్సాప్‌లో పెట్టరు. కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, నుదుట బొట్టు పెట్టి, "రేపు మా ఇంటికి పేరంటానికి రండి" అని చెప్పి పోతారు. బొట్టు పెట్టించుకున్నాక వెళ్ళకపోవటం అనేది లేదు. ఒంట్లో బాగా లేకపోయినా, ఇంటి నిండా చుట్టాలున్నా, కనీసం వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి తాంబూలం తీసుకుని రావాలి. ఇంకో నియమం కూడా ఉంది. బొట్టు పెట్టటానికి వచ్చిన ముత్తైదువని గుమ్మంలోంచి తిప్పి పంపకూడదు. ఈ రెండూ నాకు రొంపిచెర్లలో మా అమ్మ నేర్పింది. మునిసిపల్ ఎలక్షన్లలో కూడా ఇవి పనికొస్తాయని ఆవిడకి తెలీదు పాపం.

మొన్న శ్రావణ శుక్రవారానికి ముందురోజు చైర్‌పర్సన్ గారి ఇంటి నుంచి మళ్ళీ బొట్టు వచ్చింది. ఏటా మా వీధిలో మొదటి బొట్టు నాకే. "నీకేమమ్మా, చైర్‌పర్సన్ గారింట్లో మొదటి తాంబూలం నీదే" అంటారు చుట్టుపక్కల వాళ్ళు. నేను నవ్వుతాను. అలా నవ్వటం అలవాటైపోయింది.

ఇదంతా ఎట్లా మొదలైందో చెప్పాలంటే మా అత్తగారి సంగతి చెప్పాలి.

మాది మెయిన్ బజారులో కిరాణా కొట్టు, వెనకే ఇల్లు. మామగారు పోయాక, మా ఆయన చేతికి అందొచ్చేదాకా కొట్టు నడిపింది అత్తగారే. బక్కపల్చటి మనిషి, తెల్లజుట్టు. గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడుతుంది. టాక్స్ ఆఫీసరు వచ్చినా, మూటలు దించే హమాలీ వచ్చినా ఒకటే వరస. "ఏందయ్యా, చెప్పు" అంటుంది. ఊళ్ళో సగంమంది ఆవిడని పెద్దమ్మా అనే పిలుస్తారు.

కిందటి ఎలక్షన్లు వచ్చిన ఏడు మునిసిపాలిటీ వాళ్ళు సైడు కాలవ కడతామని మా కొట్టు ముందు తవ్వి, తవ్వింది తవ్వినట్టే వదిలేసి పోయారు. వానలకి అందులో నీళ్ళు నిలిచాయి. మా అరుగు పక్కన ఆకుకూరలు అమ్మే ముసలామె ఒక పొద్దున కాలు జారి దాంట్లో పడింది. తుంటి ఎముక విరిగింది. ఆమె మళ్ళీ గంప ఎత్తలేదు. మా అత్తగారు ఆఫీసు చుట్టూ తిరిగింది. ఇవాళ రా, రేపు రా అన్నారు. చివరికి ఒక గుమాస్తా విసుక్కుని, "కౌన్సిలర్ చెప్తే చేస్తాం గానీ నువ్వు చెప్తే చేస్తామా" అన్నాడట.

"అయితే కౌన్సిలరే అవుతా" అని ఇంటికొచ్చి చెప్పింది. నేను పప్పుకి తిరగమోత పెడుతున్నాను. నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

ఎలక్షన్లు దగ్గర్లోనే ఉన్నాయి. మా వార్డు ఆడవాళ్ళకి రిజర్వయింది, చైర్‌పర్సన్ పదవి కూడా ఆడవాళ్ళకే. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఊళ్ళో ఒక పెద్దమనిషి ఉన్నాడు. పొలం గట్టు తగాదా దగ్గర్నుంచి పెళ్ళి పందిరి దాకా ఆయన సరేనంటేనే కదులుతుంది. ఆయన భార్య మా వార్డులో కౌన్సిలర్‌గా గెలవాలి, ఆ తర్వాత చైర్‌పర్సన్ కావాలి, అదీ పోటీ లేకుండా కావాలి. ఇది ముందే నిర్ణయమైపోయింది. ఇల్లిల్లూ తిరిగి ఓట్లడగటం ఆయనకి నామోషీ. ఏకగ్రీవమైతే ఊరంతా చేతులు కట్టుకుని ఒప్పుకున్నట్టు లెక్క.

నామినేషన్ల రోజుల్లో ఆఫీసు సందు మొదట్లో కుర్రాళ్ళు కాపు కాశారు. వచ్చేవాళ్ళ చేతిలో ఫైలు కనపడితే లాక్కోవటం, చించి అవతల పారెయ్యటం. చొక్కాలు చిరిగి వెనక్కొచ్చిన వాళ్ళని మా కొట్టు అరుగు మీద నుంచే చూశాం. మా అత్తగారు తన కాగితాలు కూరగాయల సంచి అడుగున పెట్టింది. పైన తోటకూర కట్టలు, ఒక సొరకాయ వేసుకుంది. ఆవిడ పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టింది మా ఆయనే. ఇద్దరూ కలిసి వెళ్తే అనుమానం వస్తుందని ఆయన వెనక సందులోంచి ముందే వెళ్ళి లోపల కూర్చున్నాడు. "ఎక్కడికి మామ్మా?" అని కాపు కాసేవాళ్ళు అడిగారట. "పింఛను రాలేదురా, అడిగొస్తా" అందట. సంచి బరువుగా ఉంది, మేం మోస్తాం తెమ్మంటే, "నా సొరకాయ నేను మోసుకోగలన్లే, తప్పుకోండి" అని కసిరి లోపలికి పోయిందట.

నామినేషన్ వేసి తోటకూరతో సహా ఇంటికొచ్చింది. ఆ మధ్యాహ్నం తోటకూర పులుసు చేశాను. మా ఆయన తింటూ తింటూ నవ్వి, పొలమారి, నెత్తి మీద కొట్టించుకుని మళ్ళీ నవ్వాడు. "మా అమ్మంటే ఏమనుకున్నారు" అని కనపడిన వాళ్ళందరికీ చెప్పాడు. ఆ నవ్వు ఆ ఒక్క పూటే.

స్క్రూటినీలో నామినేషన్ చెల్లిందని తెలిసిన మర్నాటి నుంచి మా కొట్టుకి మనుషులు రావటం మానేశారు. ఎవరూ ఒక్క మాటా అనలేదు. పాలామె రాలేదు. రోజూ మా అరుగు మీద పేపర్ చదువుకునే రిటైర్డ్ మాస్టారు ఎదురు అరుగు మీదకి మారాడు. పొరపాటున చూపు కలిస్తే పేపర్ ఇంకాస్త పైకెత్తేవాడు. ఆ ఎదురు అరుగు పక్కనే మూసేసిన మెడికల్ షాపు మెట్ల మీద మాకు తెలియని మనుషులిద్దరు వచ్చి కూర్చునేవాళ్ళు. తిట్టరు, బెదిరించరు, అరవరు. మా ఆయన బండి తీస్తే ఒకడు ఫోన్ చెవిన పెట్టుకునేవాడు. బండి తిరిగొచ్చి ఆగితే మళ్ళీ ఫోన్ తీసేవాడు. కంప్లైంట్ ఇద్దామంటే ఏమని ఇవ్వాలి? మెట్ల మీద కూర్చున్నారనా?

మా ఆయన సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ఎవరన్నా గద్దిస్తే ఒంటికాలి మీద లేస్తాడు. మర్యాదగా పలకరిస్తే మాత్రం ఎవర్నయినా నమ్మేస్తాడు. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఎందుకు పెట్టాడో ఆ దేవుడికే తెలియాలి. ఆ మెట్ల మీది వాళ్ళ దగ్గరికి రెండుసార్లు పోబోతే అత్తగారు చొక్కా పట్టుకుని ఆపింది.

మా వర్తక సంఘం పెద్దలు కూడా వచ్చారు. కాఫీలు తాగి, గొంతులు సవరించుకున్నారు. "వ్యాపారం చేసుకునేవాళ్ళం. మనకెందుకు వదినా ఈ గోల" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"కాలవ కప్పిచ్చండి. రేపే నామినేషన్ తీసేసుకుంటా" అంది అత్తగారు.

"అది గాదు వదినా. వాళ్ళు మంచోళ్ళు గాదు."

ఆవిడకి కోపం వచ్చింది. కుర్చీలోంచి లేచి, కొట్టు ముందుకొచ్చి, బజారుకంతా వినపడేట్టు అంది. "నన్నేం జేస్తారయ్యా? నా పసుపు కుంకుమ ఎప్పుడో పోయినయ్. నా దగ్గర తీసుకోటానికి ఇంకేం మిగిలింది?"

ఆ గొంతు సంగతి చెప్పాను కదా. ఎదురు మెట్ల దాకా వినపడింది. అక్కడ కూర్చున్నవాళ్ళలో ఒకడు తలెత్తి ఆవిడని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను లోపలికి వచ్చేశాను.

విత్‌డ్రాకి ఆఖరి గడువు శనివారం మధ్యాహ్నం మూడింటి దాకా. శుక్రవారం సాయంత్రం దీపం పెట్టే వేళ మా ఆయన గోడౌన్‌లో ఉన్నాడు. ప్రతి శనివారం తెల్లవారుజామునే సరుక్కి వ్యాన్ వేసుకుని గుంటూరు వెళ్తాడు. అత్తగారు పక్క గేటుకి గొళ్ళెం పెట్టించి, "ఎవరొచ్చినా తియ్యబాకే" అంది. కాసేపటికి గేటు చప్పుడైంది. గేటు సందులోంచి చూశాను. పట్టుచీరలు, వెండి పళ్ళెం. పళ్ళెంలో పసుపు, కుంకుమ, జాకెట్ గుడ్డ, అరటిపళ్ళు. అందరికంటే ముందు ఆ పెద్దమనిషి భార్య.

మగాళ్ళు వస్తే ఏం చెయ్యాలో మేం అనుకుని పెట్టుకున్నాం. ఏ తలుపు వెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ. శుక్రవారం పూట పళ్ళెం పట్టుకుని ముత్తైదువులు వస్తే ఏం చెయ్యాలో అనుకోలేదు. అత్తగారి వైపు చూశాను. తియ్యొద్దని ఆవిడ కూడా అనలేకపోయింది. గొళ్ళెం తీశాను.

పేరంటాళ్ళు వస్తే మా అత్తగారు లోపలి గదిలోకి వెళ్ళిపోతుంది. ఎవరూ పొమ్మనరు, తనే వెళ్తుంది. ఆ పద్ధతి చూస్తే నాకు ఎప్పుడూ ఒళ్ళు మండేది. ఆ రోజు మాత్రం ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. ఆ పెద్దమనిషి భార్య వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టింది. "బాగున్నారా పెద్దమ్మగారూ" అంది. ఆమె లేచి, అత్తగారిని దాటి, నా దగ్గరికి వచ్చింది.

"కూర్చోమ్మా" అంది. మా ఇంట్లో నన్నే కూర్చోమంది. కూర్చున్నాను. తను కింద కూర్చుని నా కాళ్ళకి పసుపు రాసింది. నుదుట బొట్టు పెట్టింది. తర్వాత నా మెళ్ళో సూత్రాలు పైకి తీసి వాటికీ కుంకుమ అద్దింది. అందరూ అద్దుతారు, అద్ది వదిలేస్తారు. ఆమె వదల్లేదు. అరచేతిలో పట్టుకుని మాట్లాడింది.

"ఇవి చల్లగా ఉండాలమ్మా. రేపు తెల్లారుజామున గుంటూరు పోతన్నాడంటగా మీ ఆయన, వ్యాన్‌లో? పిడుగురాళ్ళ దాకా ఆ రోడ్డు చానా చెడ్డది. లారీలోళ్ళు మనిషిని చూసుకోరు." కొంచెం ఆగింది. "రేపు పెద్దమ్మగారిని ఒకసారి ఆఫీసు దాకా తీసుకురా. పిలవటానికే వచ్చాం."

అప్పుడు ఒక్కటి గమనించాను. సూత్రాలు పట్టుకున్న ఆమె చెయ్యి వణుకుతోంది. ఆ మాటలు ఆమెవి కావు, ఎవరో చెప్పి పంపారు. జాకెట్ గుడ్డ, పళ్ళు నా ఒళ్ళో పెట్టి, వెంట వచ్చినవాళ్ళతో వెళ్ళిపోయింది. ఆ పళ్ళెం తెచ్చిన వాళ్ళలో మా వీధి ఆడవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు నా మొహం చూడలేదు.

అత్తగారు లేచి వెళ్ళి గేటుకి మళ్ళీ గొళ్ళెం పెట్టింది. తర్వాత అంది. "నేనన్న మాట వాళ్ళు ఇన్నారే. ఏం మిగల్లేదన్నాగా. మిగిలింది ఏందో చూపిచ్చి పోయారు."

"ఆయనకి చెబుదాం అత్తయ్యా" అన్నాను.

"చెప్పబాక. వాడికి తెలిస్తే కత్తిపీట తీసుకుని వాళ్ళింటి మీదకి పోతాడు. వాళ్ళకి కావాల్సింది అదే. నాకు మాటివ్వు."

ఇచ్చాను. ఆ రాత్రి ఆవిడ గుండెల్లో నొప్పి అంది. ఎక్కడికీ పోవద్దు, నా పక్కనే ఉండరా అని మా ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన గుంటూరు ప్రయాణం మానుకున్నాడు. అది ఉత్త నాటకమని నాకొక్కదానికే తెలుసు. మర్నాడు మధ్యాహ్నం ఆయన మందులకి వెళ్ళగానే మేమిద్దరం ఆటో ఎక్కాం. సందు మొదట్లో ఈసారి ఎవరూ ఆపలేదు. పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఒకతను ఆవిడ దిగటానికి చెయ్యి కూడా అందించబోయాడు. ఆవిడ చేతిలో ఆ రోజు సంచి లేదు.

"ఎవరి బలవంతం లేకుండా, ఇష్టంగానే తీసేసుకుంటున్నారు గదమ్మా?" అని లోపల ఆఫీసరు అడిగాడు, పద్ధతి ప్రకారం.

"ఇష్టంగానే నాయనా" అంది అత్తగారు. "చానా ఇష్టంగా." సంతకం పెట్టింది. గోడ గడియారానికి ఇంకా మూడు కాలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆయనకి తెలిసిపోయింది. ఆయన అంత కోపంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. "నొప్పి అని నాటకమాడి నా వెనక పోయి తీసేసుకుంటావా? ఊళ్ళో నేను తలెత్తుకోవద్దా? ఇంత పిరికిదానివని అనుకోలేదమ్మా" అన్నాడు.

"అవున్రా, భయమేసింది" అంది ఆవిడ. నేను వంటింటి గుమ్మంలో నిలబడి నోరు నొక్కుకున్నాను. అన్నేళ్ళు ఎవరికీ జంకని మనిషి, కొడుకు నోటి వెంట పిరికిదనిపించుకుని, తల వంచుకుని కూర్చోవటం చూడాల్సి వచ్చింది. ఈ ఊరి మీద నాకు ఆ రోజు పుట్టిన అసహ్యం ఇంకా పోలేదు.

ఏకగ్రీవం అయింది. ఊరేగింపులో టపాసుల వాన మా కొట్టు ముందే ఎక్కువసేపు కురిసింది. వారం తిరక్కుండా సైడు కాలవ కట్టి, పైన మంచి నాపరాళ్ళు పరిచారు. మా ఊళ్ళో ఏ వీధిలోనూ అంత నున్నటి బండలు లేవు. "పెద్దమ్మ పంతం నెగ్గిచ్చుకుంది" అన్నారు జనం. పాలామె వచ్చింది, మాస్టారు మళ్ళీ మా అరుగు మీదకే వచ్చాడు. అత్తగారు మాత్రం ఆ బండల మీద ఇంతవరకు కాలు పెట్టలేదు. బజారులోకి వెళ్ళాలంటే పక్క గేటులోంచి చుట్టు తిరిగి వెళ్తుంది. మోకాళ్ళ నొప్పులున్నా అంతే.

ఆ శ్రావణం నుంచే చైర్‌పర్సన్ గారి బొట్టు మొదలైంది. వెళ్తాను, కూర్చుంటాను, కాళ్ళకి పసుపు రాయించుకుంటాను. ఏటా సూత్రాలకి కుంకుమ అద్ది, "మీ ఆయన బాగున్నాడా?" అని అడుగుతుంది. "బాగున్నారండి" అంటాను. శనగలు, తాంబూలం తీసుకుని వస్తాను. మొదటి ఏడు ఆమె చెయ్యి ఇంకా వణికింది. రెండో ఏడు కాస్త తగ్గింది. తర్వాత నేను చూడటం మానేశాను.

ఇప్పుడు మళ్ళీ ఎలక్షన్ల మాట వినపడుతోంది. మా ఆయన హుషారు మీదున్నాడు. "ఈసారి నువ్వు నిలబడు. నువ్వు మా అమ్మలాగా పారిపోవు" అంటాడు నాతో, ఆవిడ వింటుండగానే. అరుగు మీద నలుగుర్నీ పోగేసి మాట్లాడుతున్నాడు. రహస్యంగా మాట్లాడటం ఆయనకి పుట్టుకతోనే రాలేదు. నేను వద్దంటే, "నీకూ భయమేనా" అంటాడు. మాట ఇచ్చాను కాబట్టి ఊరుకుంటున్నాను.

మొన్న శుక్రవారం పేరంటానికి వెళ్ళాను. ఈసారి చూశాను. ఆమె చెయ్యి వణకలేదు. సూత్రాలు అరచేతిలో పెట్టుకుని, నా కళ్ళలోకి చూస్తూ అడిగింది. "మీ ఆయన బాగున్నాడా? ఈమధ్య పొద్దున్నే సాగర్ కాలవ కట్ట మీద నడుస్తన్నాడంటగా, ఒక్కడే. మంచిదేలే, ఒంటికి." ఆ మాటలు ఈసారి ఎవరూ చెప్పి పంపలేదు. ఆమెవే.

ఇంటికొచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అత్తగారు కింద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "ఏమందే మీ చైర్‌పర్సన్?" అన్నాడు.

"మీరు బాగున్నారా అని అడిగింది."

"చూశావా. నేను పోటీ పెట్టబోతన్నానని తెలిసి కూడా నా మంచీ చెడ్డా అడిగింది. ఎంతైనా మర్యాద తెలిసిన మనిషి."

అత్తగారి చేతులు ఆగిపోయాయి. నా మొహం చూసింది. నేను తాంబూలం పక్కన పెట్టి లోపలికి వెళ్ళి చీర మార్చుకున్నాను.

మర్నాడు పొద్దున ఆయన బూట్లు కనపడలేదు. ఇల్లంతా వెతికాడు. అత్తగారు మంచం మీద నుంచి, "గుండెల్లో నొప్పిగా ఉందిరా, ఇయ్యాళ బయటికి పోబాక" అంది.

"మళ్ళీ మొదలెట్టావా అమ్మా" అని నవ్వాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నేను గేటు దగ్గర నిలబడ్డాను. స్కూలు ఆటోలు పోయాయి, మాస్టారు పేపర్ చదవటం అయి లేచి వెళ్ళాడు. ఎండెక్కాక వచ్చాడు మా ఆయన, చెమటలు కక్కుకుంటూ, మంచి సంతోషంగా. చెప్పులు విప్పుతూ చెప్పాడు. కాలవ కట్ట మీద చైర్‌పర్సన్ గారి మనుషులిద్దరు కలిశారట. అన్నా అన్నా అంటూ కట్ట చివరిదాకా ఆయనతోపాటే నడిచారట. "మనం అనుకుంటాం గానీ చానా మంచోళ్ళే. ఒక్కడివే నడవబాకన్నా, రేపు కూడా మేమొస్తాం అన్నారు."

అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకుని గోడకి ఆనుకుంది. ఈసారి అది నాటకం కాదు.